మన స్టేషను దాటిపోయిన పెట్రోలు

బీదర్‌లో పెట్రోలు గ్యాలనుకు ఒక అణా అగ్గువ అన్న వార్తను జహీరాబాదుకు ఒక పెళ్ళి బృందం తెచ్చింది. పెళ్ళికొడుకు మేనమామ బీదర్ నుంచి కిరాయి మోటారులో వచ్చి, మా వాడ టీ హోటలు ముందు దిగి, మీసానికంటిన మీగడ తుడుచుకుంటూ మాటల మధ్యలో ఆ సంగతి అనేసి వెళ్ళిపోయాడు. ఆ పెళ్ళి జంట ఎక్కడ కాపురం పెట్టిందో నాకు తెలియదు. ఆ అణా మాత్రం మా ఇంట్లో పెట్టింది.

మా ఇల్లంటే మా అక్కాబావల ఇల్లు. నేను గంజ్‌లో ఒక బెల్లం దుకాణంలో ముద్దలు తూచే పని చేస్తూ, అక్క చేతి వంటా బావ నోటి తిట్లూ రెండు పూటలా తింటూ వాళ్ళ దగ్గరే ఉండేవాణ్ణి. బావకు గుడ్డ పైకప్పున్న పాత మోటారు ఒకటి ఉండేది. పెళ్ళిళ్ళకూ, దవాఖానకూ, కచేరీ పనులకూ జనం దాన్ని కిరాయికి మాట్లాడుకునేవారు. ఎక్కడో దొరల దేశాల్లో యుద్ధం మొదలైందని వింటున్నాం గానీ, పెట్రోలుకు కూపన్లు పెట్టే కాలం ఇంకా రాలేదు.

బావ రోషగాడు. కూరలో ఉప్పు తగ్గినా "ఈ ఇంట్ల నాకు ఇజ్జత్ లేదు" అని పళ్ళెం ముందు నుంచి సగం లేచేవాడు. అక్క ఉప్పు డబ్బా ముందుకు జరిపేది. ఇజ్జత్ వచ్చేది. మళ్ళీ కూర్చునేవాడు.

అలాంటి మనిషికి అణా తేడా అంటే మాటలా? పైగా అది మామూలు తేడా కాదు. పెట్రోలు వచ్చేది హైదరాబాదు వైపు నుంచి, గూడ్సు బండిలో. ఆ బండి ముందు మా స్టేషనులో ఆగుతుంది. ఆ తర్వాతే బీదర్ పోతుంది.

"మన ముక్కు ముందలికెల్లి పోతది బామ్మర్దీ!" అన్నాడు బావ, తువ్వాల విదిలించి భుజం మీద వేసుకుంటూ. "ఇంక ఇరవై మైళ్ళు రైల్ల పోయినంక అగ్గువైతదా? కిరాయి పెరగాలె గద! ఇది మన ఊరి మీద పగ."

"ఊరి మీద పగ పట్టెటంత తీరిక ఎవరికుంది బావా? మన ఊరు యాడుందో కూడ వాళ్ళకు ఎర్క ఉండదు."

"నీకు నవ్వులాట. నాకు పొట్టకూడు."

అది నిజమే. మోటారుకు పోసే పెట్రోలు పోను మిగిలిందే ఇంటికి వచ్చేది. మా ఊళ్ళో పెట్రోలు అమ్మేది ఒకే ఒక దుకాణం. బావ పోయి అడిగితే ఆ సేఠ్ త్రాసులో పప్పు పోస్తూ తలెత్తకుండా అన్నాడట: "నాకు పడ్డ ధర అది. వద్దంటె ఎడ్లబండి కట్టుకో. గడ్డి అగ్గువనే ఉంది."

ఆ సాయంత్రం టీ హోటల్లో పంచాయతీ కూర్చుంది. ఆ హోటల్లో ఉన్న ఒక్క బల్లా పెద్దమనుషులకు. మిగతా వాళ్ళకు బోర్లించిన పెట్రోలు డబ్బాలు, వాటి మీద గోనెపట్టలు. కదిలితే డబ్బా 'టప్'మని మోగేది. కోపంగా మాట్లాడేవాళ్ళ కింద ఇంకాస్త గట్టిగా మోగేది.

ముందు హోటలు యజమాని తేల్చాడు. "జిల్లా కచేరీ ఆడ్నే ఉంది. సాబుల మోటార్లు ఆడ్నే తిరుగుతయి. సాబులకు పిరం అమ్మితె దుకాండారు బతుకుతడా?"

అల్లం వ్యాపారి ఒకాయన ఒప్పుకోలేదు. ఆ ఏడు మా దిక్కు అల్లం బాగా పండింది. రైతుల జేబుల్లో పైసలు ఆడుతున్నాయని సేఠ్‌కు వాసన తగిలిందని ఆయన అభిప్రాయం. "మనం మోటారెక్కుతున్నమని చూసి పెంచిండు" అన్నాడు. ఆయన ఎప్పుడూ మోటారెక్కగా ఎవరూ చూడలేదు.

మా గోడ పక్కింటి చాచా రేకు పని చేసేవాడు. పాత డబ్బాలు కత్తిరించి దీపాలూ, గరాటులూ, సందూకులూ చేసేవాడు. ఆయన టీ సాసరులో పోసుకుని, ఊది, తాగి, అప్పుడు చెప్పాడు: "దేఖో బేటా, బీదర్ గుట్ట మీదుంది. హవా ఠండా. ఇక్కడ ఎండకు పెట్రోలు ఆవిరైపోతది. పోయినదాని పైసలు కూడ మన నెత్తినే ఏస్తరు. అక్కడ ఆవిరి గాదు. అందుకే అగ్గువ."

అందరూ తలలూపారు. డబ్బాలు మోగాయి. నేను మాత్రం ఊరుకోలేక, "అదేం గాదు చాచా. బీదర్ పోయేసరికి పెట్రోలు పాతబడతది. పొద్దుగాల చేసిన మిర్చిబజ్జీ పొద్దుగూకినంక అగ్గువ ఇయ్యరా?" అన్నాను. హోటలు యజమాని తన బజ్జీల పళ్ళెం మీద గుడ్డ కప్పి నా వైపు ఎర్రగా చూశాడు.

బావ లేచాడు. అందరూ చూసేదాకా ఆగి, "నేను కాపురం బీదర్‌కు మారుస్తున్న" అన్నాడు.

ఎవరో తెలియకుండా కదిలారు, 'టప్'మంది.

ఇంటికొచ్చి అదే మాట అదే గొంతుతో అక్కకు చెప్పాడు. అక్క బియ్యంలో రాళ్ళేరుతోంది. తలెత్తి, "ఇప్పుడు నడుస్తున్న డబ్బా ఎల్లుండికి ఖాళీ అయితదా?" అంది.

బావకు అర్థం కాలేదు. చదివేవాళ్ళకూ కాదు గనక చెప్పాలి.

మా ఊళ్ళో పెట్రోలు నాలుగు గ్యాలన్ల సీలు డబ్బాల్లో వచ్చేది. బావ డబ్బా కొని, మూలన మేకుతో పొడిచి, మోటారుకు పోసుకునేవాడు. ఉత్త డబ్బా అక్కకు చేరేది. అక్కకు చేరిందంటే వాడకు చేరినట్టే. ఎవరికి డబ్బా కావాలన్నా అక్కతో ఒక మాట చెప్పి ఉంచేవారు, అక్క వరసలు గుర్తు పెట్టుకునేది. ఇంట్లో చావైతే వాళ్ళది మొదటి వరస, నీళ్ళు కాగాలి గనక. తర్వాత పురుడు. ఆ తర్వాత పెళ్ళి. ఉత్త ఆశ అన్నిటికన్నా చివర. ఈ చట్టం ఎవరు చేశారో తెలియదు గానీ దాని ముందు తాసిల్దారు ఇల్లాలు కూడా తన వంతు కోసం ఆగింది, నాకు తెలుసు.

ఎవరూ పైసా ఇచ్చింది లేదు. ఒక డబ్బా పోయిన కొన్నాళ్ళకు ఎవరో కొత్తల్లం తెచ్చి గడపలో పెట్టిపోయేవారు. ఇంకెవరో చల్ల పంపేవారు. చాచాకు రెండు డబ్బాలిస్తే ఒకటి ఉంచుకుని, రెండోదానికి కర్ర పిడి బిగించి తిరిగిచ్చేవాడు. మా వంటింటి పైకప్పు చాచా డబ్బాలు విప్పి పరిచిందే. వానొస్తే ఆ రేకుల కింద ఎవరి మాటా ఎవరికీ వినపడదు. బావ రోషం కూడా వినపడదు. అక్కకు వానాకాలమంటే ఇష్టం.

ఇప్పుడు నడుస్తున్న డబ్బా మూడిళ్ళ అవతల బాలింతకు మాటిచ్చింది. అందుకే అక్క ఆ ప్రశ్న అడిగింది.

ఆ రాత్రి అన్నం పెడుతూ, బావ చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయినప్పుడు, అక్క నాతో మెల్లగా అంది: "తమ్మీ, ఆడ నాకెవరెర్కరా? మొన్న జరమొచ్చినప్పుడు పక్కింటి ఖాలా, గదే మన చాచా ఇంటామె, నాలుగు దినాలు నా మంచం ఇడువలే. ఆడ ఎవలొస్తరు?"

బీదర్ సప్తసముద్రాల అవతల లేదు, పొద్దున పోతే మాపటికి రావచ్చు అని ఏదో అందామనుకున్నాను. అక్క మొహం చూసి, నీళ్ళు తాగాను.

గంజ్‌కు సెలవున్న రోజు చూసి ముగ్గురం బీదర్ బయల్దేరాం. అక్కడ బావకు తెలిసినవాళ్ళు ఒక ఇల్లు చూసిపెట్టారు. నచ్చితే ఖాయం చేసి రావడమే. బావ తలపాగా కొత్తది చుట్టాడు. అక్క మాటిచ్చిన డబ్బాను ముందురోజే బాలింత ఇంటికి పంపింది. బండి ఊరు దాటేటప్పుడు చాచా రోడ్డు పక్క నిలబడి చెయ్యెత్తాడు. బావ కళ్ళు తుడుచుకున్నాడు.

"మాపటికి ఒస్తున్నం గద బావా."

"దుమ్ము పడ్డది" అన్నాడు.

బీదర్ దగ్గరికి పోయేకొద్దీ నేల ఎర్రబడింది. బండి గుట్ట ఎక్కింది, గాలి నిజంగానే చల్లబడింది. బావ నా వైపు చూసి, "చాచా చెప్పలే?" అన్నాడు, ఆ చలవ కూడా తను కొన్నట్టు.

ఊళ్ళోకి రాగానే పంపు కనపడింది. అలాంటిది నేను అంతకు ముందు చూడలేదు. మనిషి కన్నా ఎత్తు, ఎర్ర రంగు వేసిన ఇనుప స్తంభం, దాని నెత్తిన పెద్ద గాజు బుడ్డి. ఒక మనిషి పక్కనున్న కర్రను ముందుకూ వెనక్కూ ఊపుతుంటే నేలలోంచి పెట్రోలు ఎగబాకి గాజులో నిండుతుంది. గ్యాలన్ల గీతలు గాజు మీదే ఉన్నాయి. మోసం చేయడానికి వీల్లేదు. తర్వాత ఒక పిడి తిప్పితే షర్బతులా గొట్టంలోంచి మోటారులోకి దిగిపోతుంది.

బావ చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. "ఎంత సాఫ్‌గ ఉందిరా" అన్నాడు, ఏదో పాట విన్నట్టు. నిజంగానే మా ఊరి ధర కన్నా గ్యాలనుకు ఒక అణా తక్కువే తీసుకున్నారు. బావ పైసలు లెక్కపెట్టి, వచ్చిన చిల్లర నాకు చూపించి, అక్కకు చూపించి, కిందా మీదా చూసి ఇంకెవరూ లేకపోతే మళ్ళీ నాకే చూపించాడు.

అక్క పంపు చుట్టూ తిరిగి వచ్చింది. పంపు మనిషిని అడిగింది:

"డబ్బా ఏది?"

ఆ మనిషి తెలుగే మాట్లాడాడు గానీ రాగం కన్నడానిది. "డబ్బా లేదమ్మా. ఇదంత రైలు ట్యాంకుల వస్తది. నేల కింద హౌజుల పోస్తం. పంపుతోటి గుంజుతం."

"గట్లనా. మరి డబ్బా?"

"డబ్బానే లేదంటున్న గదమ్మా!"

"గంత పైసలు పెట్టి ఉత్త చేతులతోటి పోవుడా?"

"పెట్రోలు పోసిన గదా!"

"అది మోటారుకు పోసినవ్. నాకేది?"

పంపు మనిషి బావ వైపు చూశాడు. బావ సిగ్గుపడి, "ఎక్కు, ఎక్కు, ఇజ్జత్ పోతది" అని బండి తిప్పాడు. ఆ క్షణాన మా ఇన్ని రోజుల పంచాయతీకి జవాబు మా ముందు నుంచే పోయింది. ఎవరం గుర్తుపట్టలేదు. నేనైతే అక్క అమాయకత్వానికి లోలోపల నవ్వుకుంటూ కూర్చున్నాను కూడా.

ఇల్లు బాగుంది. వంక పెట్టడానికి చాలాసేపు వెతికాను, దొరకలేదు. ఇంటామె కూడా మంచిది. మజ్జిగిచ్చింది. బావి మాత్రం పక్క సందులో ఉంది. అక్క వంటిల్లు చూసింది. పైన పెంకులు. గోడ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత బావతో మామూలుగానే అంది: "మంచిగనే ఉంది. నీళ్ళు మోసుడుకు, పోసుకునుడుకు రెండు డబ్బాలు కావాలె. ఎట్లైన వస్తున్నం గద, కొని పెట్టి పోదాం. జర తీస్కరాండ్రి."

బావ ఛాతీ విరుచుకుని నన్ను వెంటపెట్టుకుని బజారుకు నడిచాడు. ఉత్త డబ్బా అంటే ఆయన దృష్టిలో అడిగితే ఇచ్చేది. కొనడం పేరుకే.

బజార్లో ఒక రేకు సామాను దుకాణం ముందు ఉత్త డబ్బాలు తాడుకు గుచ్చి వేలాడదీసి ఉన్నాయి, పూలదండల్లా. బావ ఒకదాన్ని వేలితో కొట్టి చూసి ధర అడిగాడు.

"అయిదణాలు."

"నిండుగనా?"

"ఉత్తది."

"ఉత్త డబ్బాకు అయిదణాలా? దాంట్ల ఏం పోసిస్తవ్?"

"గాలి పోసిస్త" అన్నాడు దుకాణదారు. నాకు ఆ మనిషి చాలా నచ్చాడు.

బావ గొంతు లేచింది. పేదవాళ్ళ నీళ్ళ మీద వ్యాపారమన్నాడు, పైన దేవుడున్నాడన్నాడు. నలుగురు పోగయ్యారు. దుకాణదారు చాలా ఓపికగా, రోజూ ఇదే చెబుతున్నవాడిలాగా చెప్పాడు: "నా మీద ఎందుకు అరుస్తవన్నా? ఇదివరకు పెట్రోలు డబ్బాల వస్తుండె. అప్పుడు ఊరంత ఉత్త డబ్బాలే, అడిగేటోడు లేకుండె. పంపు పెట్టినంక డబ్బా యాడికెల్లొస్తది? గీ డబ్బాలు నేను మూటగట్టి జహీరాబాద్‌కెల్లి తెప్పిస్తున్న." ఆగి, బావ తలపాగా వైపు చూశాడు. "మీది యా ఊరు?"

బావ చెప్పలేదు. నేను చెప్పాను. దాయడం దేనికి?

"అరె, జహీరాబాదేనా! ఉత్త డబ్బాలుంటె తెండ్రన్నా. ఎన్నున్నా కొంట."

బావ పక్క అరుగు మీద కూలబడ్డాడు. ఆయన లెక్కలు వేసేటప్పుడు వేళ్ళు తొడ మీద కొట్టుకుంటాయి. అవి కొట్టుకున్నాయి. మన డబ్బాలో నాలుగు గ్యాలన్లు. ఇక్కడ నాలుగు గ్యాలన్లు పోయించుకుంటే మిగిలేది నాలుగణాలు. ఆ నాలుగణాలు పట్టుకుపోతే ఇక్కడ ఒక ఉత్త డబ్బా కూడా రాదు. మా సేఠ్ ఎవరి మీదా పగ పట్టలేదు. మేం పెట్రోలు కొంటున్నాం అనుకున్నాం. దాంతో పాటు డబ్బా కూడా కొంటున్నాం.

"బామ్మర్దీ" అన్నాడు బావ. "గీ సంగతి నీకు ముందే ఎర్కనా?"

"ఎర్కుంటె డబ్బా మీద కూసుండి అన్ని దినాలు ఎందుకు ఒర్లుత బావా?"

ఆయన నా వైపు చూశాడు. హోటలు, గోనెపట్టలు, 'టప్'మనే చప్పుడు, అన్నీ ఒకేసారి గుర్తొచ్చినట్టున్నాయి. కోపానికి సిద్ధపడి, దారి మధ్యలో నవ్వొచ్చి, రెండూ కలిసి దగ్గుగా మారాయి.

ఒట్టి చేతులతో తిరిగొచ్చిన మమ్మల్ని చూసి అక్క మజ్జిగ గ్లాసు కడిగి బోర్లించి లేచింది. బావ ఇంటామెతో, "ఇల్లు బాగుందమ్మా. నాకే ఈడి నీళ్ళు పడేటట్టు లేవు" అన్నాడు. ఆమె పాపం, ఇంకో గ్లాసు మజ్జిగ తెచ్చింది. బండి గుట్ట దిగుతుంటే అక్క వెనక సీట్లో నిద్రపోయింది. ఆమె అలా పగటి పూట నిద్రపోవడం నేను చూసింది అప్పుడే.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ బావ హోటలుకు పోయాడు.

అక్కడ ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, అందరినీ లేవమన్నాడు. తన కింది డబ్బాను ఎత్తి, గోనెపట్ట దులిపి, వేలితో మోగించి, "బీదర్‌ల పెట్రోలు ఎందుకు అగ్గువనో ఇదో, ఇది చెప్తది" అన్నాడు. మొత్తం చెప్పాడు. ఉత్త డబ్బా అయిదణాలు అన్నప్పుడు హోటలు యజమాని చూపు ఒక్కొక్క డబ్బా మీదుగా పాకింది. ఆ రోజు నుంచి ఆయన దుకాణం కట్టేసే ముందు అంగడి ఊడ్చినా ఊడ్చకపోయినా డబ్బాలు మాత్రం లోపల పెట్టి తాళం వేసేవాడు. అల్లం వ్యాపారి తను మొదటి నుంచీ ఇదే అన్నానన్నాడు. చాచా ముందు మాత్రం సాసరులో టీ చల్లారిపోయింది.

మర్నాటి నుంచి మా గడప మారిపోయింది. డబ్బా కోసం ఎవరూ రావడం లేదు. వచ్చినవాళ్ళు ఏదో అడగబోయి, ఎండల గురించి మాట్లాడి పోతున్నారు. బాలింత తల్లి తోమి తెల్లగా చేసిన డబ్బాను తిరిగి తెచ్చి, "మాకు అంత అవసరం పడలే బిడ్డా" అని పెట్టిపోయింది. బావ ఆ డబ్బాను చూసి చూడనట్టు చూశాడు. బీదర్ దుకాణదారు మాట ఆయన చెవిలో ఇంకా మోగుతోందని నాకు తెలుసు. భోజనాల దగ్గర, "ఉత్తగ అడిగిన, వారానికి ఎన్ని డబ్బాలైతయ్ మనకు?" అన్నాడు గోడతో.

అక్క జవాబు చెప్పేలోగా చాచా వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఎప్పుడూ లోపలికొచ్చి పీట వాల్చుకునే మనిషి. పిడికిలి విప్పి అణాలు గడప మీద పెట్టాడు.

"ఏంది చాచా ఇది?" అంది అక్క.

"రెండు డబ్బాలు కావాలె బేటీ. కిమ్మత్ ఎర్కలేనన్ని దినాలు ఎర్కలే. ఇప్పుడు ఎర్కైనంక ఉత్తగ ఎట్ల తీస్కుంట?"

అక్క లేచింది. ఆ అణాలు తీసి చాచా చేతిలో పెట్టి, ఆ పిడికిలిని తనే మూసింది. బాలింత డబ్బా కాక మూలనున్న రెండు డబ్బాలూ తెచ్చి ఆయన చంకల్లో ఇరికించింది. "ఒకటి పిడి ఏసి తేవాలె, ఎప్పటిలెక్క. జరమొచ్చినప్పుడు ఖాలా నాలుగు దినాలు నా కాడ కూసున్నది. దాని కిమ్మత్ బీదర్‌ల ఎంతనో కనుక్కున్నవా?"

చాచా డబ్బాలతో గుమ్మంలోంచి పట్టక, పక్కకు తిరిగి బయటపడ్డాడు. బయట ఎవరికో ఉర్దూలో ఏదో చెబుతూ గట్టిగా ముక్కు చీదడం వినపడింది. ఎండాకాలం, జలుబు చేసి ఉంటుంది.

తర్వాత అక్క బావ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"బాలింత డబ్బా నేనే ఇచ్చొస్త. ఇంకోపారి డబ్బా కిమ్మత్ అని ఈ ఇంట్ల ఎవ్వలన్న అంటె నేను బీదర్ పోత. పెట్రోలు అగ్గువంట గద."

డబ్బా చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

బావ పళ్ళెం వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను పప్పు వైపు చూశాను. ఆ పూట కూరలో ఉప్పు నిజంగానే తక్కువ. బావ పళ్ళెం ముందు నుంచి లేవకుండా ఉప్పు డబ్బాను తనే ముందుకు జరుపుకున్నాడు.